సామాను చూసి ఇచ్చే గది

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మనిషిని చూసి ఇస్తారా, సామాను చూసి ఇస్తారా? ఏళ్లు గడిచినా తేలని సందేహం ఇది. మెడికల్ కాలేజీ చుట్టుపక్కల వీధుల్లో మాత్రం సామాను చూసే ఇస్తారు.

ఎందుకంటే మొదటి సంవత్సరం పిల్లల సామానులో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో మనిషి ఎముకలుంటాయి. నిజమైనవి. వాటిని చేత్తో పట్టుకుని, గుంటలూ గట్లూ తడుముకుంటూ చదవాలి.

ఆ అమ్మాయికి సీటు ఆఖరి విడతలో వచ్చింది. అప్పటికే హాస్టల్ నిండిపోయింది. ఐదు రోజులుగా ఒక సీనియర్ గదిలో, మంచానికీ బీరువాకీ మధ్య నేలమీద సర్దుకుంటోంది. నిన్న వార్డెన్ కంట పడింది.

"రేపు సాయంత్రానికల్లా ఖాళీ చెయ్. లేకపోతే నీతోపాటు ఆ సీనియర్ సామాను కూడా గేటు బయటుంటుంది" అందావిడ.

ఎముకల పెట్టె ఆ సీనియర్ అక్క ఇచ్చిందే. ఊరికే ఇచ్చింది.

"హాస్టల్ అటక మీద ఏళ్ల నుంచి పడుంది. ఎడమకాలి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. చదువుకి పనికిరాదని ఎవరూ ముట్టుకోరు. నీకెలాగూ గతిలేదుగా, పట్టుకుపో!" అని నవ్వింది.

పొద్దుట్నుంచీ ఆ పెట్టె చంకన పెట్టుకుని బ్రోకరు వెనక తిరుగుతోంది. నడుముకి పెద్ద గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు.

మొదటి ఇంట్లో పెట్టె సంగతి దాచింది. మెట్లెక్కుతుంటే అట్ట చిరిగి వేలి ఎముక ఒకటి దొర్లుకుంటూ ఇంటావిడ కాళ్ల దగ్గరికే పోయింది. "పిల్లలున్న ఇల్లు తల్లీ, నీకో దణ్ణం!" అందావిడ. రెండో ఇంట్లో నిజం చెప్పింది. మాట పూర్తవకముందే తలుపు పడింది. మూడో ఇంటాయన గంటసేపు కూర్చోబెట్టి తన మోకాలి నొప్పికి మందు అడిగాడు.

"ఇంకా క్లాసులే మొదలవలేదండీ."

"మరి గదికేం తొందర?" అన్నాడు.

మిట్టమధ్యాహ్నమైంది. చెప్పు తెగింది. ఇంతలో అమ్మ ఫోను.

"దొరికిందా?"

"చూస్తున్నానమ్మా. బాగానే ఉన్నాయి."

"ఇవాళ దొరక్కపోతే బస్సెక్కి వచ్చెయ్యమంటున్నారు మీ నాన్న. ఆడపిల్లకి అంత దూరం చదువెందుకని మళ్లీ మొదలెట్టారు."

అమ్మాయి ఫోను పెట్టేసి తాళాలాయన వైపు చూసింది. ఆయన తల గోక్కున్నాడు.

"ఇంకొక్కటుంది. మూలింటి మామ్మగారి మేడగది. పదకొండేళ్లుగా ఖాళీ. పెట్టె తెరవమంటుంది, చూస్తుంది, వద్దంటుంది. ఏటా ఇదే తంతు."

"మరెందుకు తీసుకెళ్లడం?"

"నీ తృప్తి కోసం. నా కాళ్లు ఎలాగూ అరిగాయి."

మామ్మ జపమాలతోనే వచ్చి తలుపు తీసింది. గోడమీద, చేతికర్ర ఊతంగా నిలబడ్డ ఒక పెద్దాయన ఫోటో. పక్కనే మెడికల్ కాలేజీ ముద్రతో, పైన 'కృతజ్ఞతలు' అని ఉన్న కాగితమొకటి, ఫ్రేము కట్టి ఉంది.

"తాతగారు మా కాలేజీలో పనిచేసేవారా మామ్మగారూ?"

"లేదమ్మా. ఉత్తరాలు పంచేవారు, సైకిలు మీంచి పడేదాకా. ఫస్టియరా?"

"అవునండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ పెట్టెలో ఎముకలున్నాయి. మీరు వద్దంటే..."

"వద్దని ఎవరన్నారు? తెరువు."

మామ్మ ఉతికిన దుప్పటి తెచ్చి నేలమీద పరిచింది. పుర్రె బయటికి రాగానే తాళాలాయన గుమ్మం అవతలికి జరిగాడు. మామ్మ మాత్రం పుర్రెని పదిలంగా ఓ పక్కన పెట్టింది. పక్కటెముకల జోలికే పోలేదు. అన్నిటినీ తప్పించి మోకాలి కింది ఎముక బయటికి తీసింది. ఎడమకాలిది.

ఇన్ని ఉండగా వంకరదే చిక్కాలా ఈవిడకి, అనుకుంది అమ్మాయి.

"అదొక్కటే బాగోలేదండీ. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. హాస్టల్ దాటి ఇదివరకెప్పుడూ బయటికి రాలేదట, అందుకే కాస్త దుమ్ము..." గబగబా చెప్పుకుపోయింది.

మామ్మ వినడం లేదు. ఎముక నడుమ ముడిలా లేచిన అతుకు మీద బొటనవేలు ఆనించింది. కిందికీ పైకీ రాసింది. జపమాల ఒళ్లోంచి జారి కింద పడింది. తీసుకోలేదు.

"తాళం ఈయన గుత్తిలోనే ఉంది. పైకెళ్లి సామాను పెట్టుకో" అంది చివరికి.

తాళాలాయన నోరు తెరిచినవాడు మూయలేదు.

"అద్దె ఎంతండీ?"

"తర్వాత చూసుకుందాం. ముందు కిటికీలు తెరువు, గాలాడుతుంది."

అమ్మాయి ఎముకలన్నీ పెట్టెలో సర్దింది. లేచి, మొహమాటంగా చెయ్యి చాపింది.

"మామ్మగారూ, అది కూడా..."

"ఇస్తానమ్మా. నీ చదువు కోసమేగా వచ్చింది, దాన్నే చదువుకో. ఒక్క క్షణం ఆగు."

మామ్మ గోడకి చేరగిలబడి కూర్చుని, ఆ ఎముకని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో మెల్లిమెల్లిగా ఒత్తుతూ అంది: "ఆఖరిరోజు కాస్త కాలు పట్టమంటే పొయ్యి మీద పాలున్నాయి ఉండమన్నాను కదా, ఇప్పుడు చేయి ఖాళీ అయిందండీ."