మూడో గేరులో మొండికేసిన కారు

“సోలినాయిడ్ పలకడం లేదత్తయ్యా,” అన్నాడు మెకానిక్ వీరభద్రం కారు కిందనుంచి.

“ఏ నాయుడు? పిలిస్తే పలకనంత గొప్పవాడా?” అంది అత్తగారు రత్తమ్మ.

కార్లన్నీ వాటంతటవే తిరిగే ఆ రోజుల్లో బెజవాడ మొత్తానికి మనిషి నడిపే కారు అదొక్కటే. రెండేళ్లు కష్టపడి దానికి ప్రాణం పోశాడు వీరభద్రం. సాయంత్రం ఐదులోగా రవాణా అధికారి ఎదుట ఫ్లైఓవర్ ఎక్కకపోతే కారు తుక్కు, అతని పరువు తుక్కుతుక్కు. దసరా వెళ్లినప్పటినుంచీ అది మూడో గేరులోనే బిగుసుకుని, ఎత్తు చూస్తే ఆయాసపడుతోంది.

గేర్లు మార్చే సోలినాయిడ్‌నే మార్చెయ్యమంది కార్ల లోపాలు చెప్పే గోడమీది యంత్రం. ఆ సామాను తయారీ ఆగి ముప్పై ఏళ్లయింది. వీరభద్రం యంత్రం నోరు నొక్కి, తాతగారి మీటరు తీశాడు. సోలినాయిడ్ బాగుంది, వైరులో కరెంటూ బాగుంది. రెండింటినీ కలిపే ప్లగ్గు ఊడదీస్తే, పిన్నుల నిండా ఎండిన పసుపు.

“ఆయుధపూజనాడు అది విప్పి ఉంటే, తొమ్మిది చిల్లులకూ తొమ్మిది పసుపు బొట్లు పెట్టాను,” అంది రత్తమ్మ గర్వంగా.

“బొట్టుపెట్టి పిలిస్తే ఎవరైనా వస్తారత్తయ్యా. కరెంటు మాత్రం రాలేదు.”

పాత బ్రష్షుతో పిన్నులు తోమాడు. ఒకటి, రెండు, మూడు: గేర్లు వరసగా పడ్డాయి. పక్క కార్లలో నిద్రపోతున్నవాళ్లు లేచి చూస్తుండగా, ఐదు కొట్టకముందే కారు ఫ్లైఓవర్ కొసకెక్కి కూర్చుంది.

“నాయుడుగారు పలికారు,” అంది వెనక సీట్లోంచి రత్తమ్మ. అక్కడే ఉన్న అధికారి, కారు నడిపినవాడి పేరు అదేననుకుని సర్టిఫికెట్లో రాయబోయాడు.

“నాయుడు మనిషి కాదండీ, గేరు మార్చే ముక్క,” అని అందరికీ వినపడేలా చెప్పాడు వీరభద్రం.

“ముక్కయితేనేం, మాట విన్నాడు. వచ్చే దసరాకి దూరంనుంచే దణ్ణం పెడతాలే,” అంది రత్తమ్మ.