నాన్న బండి పట్టుకోవట్లేదు

"నాన్న బండి స్టార్టవట్లేదన్నయ్యా."

ఆరేళ్ల తరువాత తమ్ముడు ఫోన్లో అన్న మొదటి మాట అది. ఎలా ఉన్నావని లేదు, నేనెవరో గుర్తుపట్టావా అని లేదు.

అన్న మెకానిక్. షెడ్డులో విప్పిన చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలోని పానా కింద పెట్టాలో వద్దో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ నంబరు అతనికి కంఠతా వచ్చు. ఎన్నోసార్లు నొక్కి, చివరి అంకె దగ్గర ఆగిపోయాడు.

"కిక్ తిరుగుతోందా?" అన్నాడు. గొంతు మామూలుగానే వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

"తిరుగుతోంది. ఇంజను పట్టుకోవట్లేదు."

"ఫోను దగ్గర పెట్టి కొట్టు."

నాలుగు కిక్కులు వినిపించాయి. మొదటిదానికే అతనికి తెలిసిపోయింది. పెట్రోలు అందక మొరాయించే బండి ఒక్కసారైనా దగ్గుతుంది. ఇది దగ్గలేదు. ప్లగ్గుకి కరెంటు రావడం లేదు. ఆ బండికి ఆ జబ్బు ఒక్కచోటే. హ్యాండిలు కుడివైపు, ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు వదులు. చొక్కా తగిలినా ఆఫ్‌లోకి జారిపోతుంది. ఆ ముక్క చెబితే బండి నిమిషంలో స్టార్టవుతుంది. తమ్ముడు సరేనని పెట్టేస్తాడు. ఆ తరువాత ఇంకో ఆరేళ్లు.

ఈలోగా చెప్పవలసినది ఒకటుంది.

"పెట్రోలుందా?" అన్నాడు.

"నిండా ఉంది."

"నీ నిండా సంగతి నాకు తెలుసులే. మూత తీసి చూడు."

"చూశా. నా మొహం కూడా కనిపిస్తోంది."

"అందుకే జడుసుకుంది బండి."

ఇద్దరూ నవ్వారు. చేయకూడని పని చేసినట్టు ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

నవ్వు విని భార్య ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చింది. ఎవరని కళ్లతోనే అడిగింది. "చిన్నోడు" అన్నాడు పెదవులు కదిపి. ఆమె తడిచేతులతోనే స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆరేళ్ల కిందట ఆ రోజు తమ్ముడు నిలబడింది ఆ స్టూలు పక్కనే. వెనకచక్రం నట్టు ఊడి ఒక కస్టమరు రోడ్డు మీద పడ్డాడు. మోచెయ్యి విరిగింది. చక్రం బిగించింది తమ్ముడేనని పదిమంది ముందు అతని చెంప పగలగొట్టాడు అన్న. "నీ చేతులు ఈ పనికి పుట్టలేదు, పో" అన్నాడు. తమ్ముడు నాన్న బండెక్కి వెళ్లిపోయాడు. రెండు నెలల తరువాత ఇంకో చక్రం బిగిస్తుంటే అన్నకి గుర్తొచ్చింది. ఆ నట్టు పెట్టింది తనే. సగంలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు. నిజంగా అప్పుడే గుర్తొచ్చిందా, ముందునుంచీ తెలిసినదాన్ని ఇక మోయలేకపోయాడా? అది అతను ఇప్పటికీ తేల్చుకోలేదు.

"చోక్ వేసి చూడు."

"వేశా. లాభం లేదు."

"ప్లగ్గు విప్పు."

"ప్లగ్గు పానా ఏదో మర్చిపోయా అన్నయ్యా."

అన్న ప్రాణం చివుక్కుమంది. "గొట్టంలా ఉంటుంది చూడు, సీటు కింద సంచిలో. మెల్లగా తిప్పు, మర అరుగుతుంది."

అలవాటు తప్పిన చేతికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోపు మాటలు కూడదీసుకోవచ్చనుకున్నాడు. గుటక మింగేలోపే "వచ్చింది" అన్నాడు తమ్ముడు.

"అప్పుడేనా?"

"వదులుగానే ఉంది."

"ఏం పని చేస్తున్నావురా?"

"ఏదో ఒకటిలే. నడుస్తోంది."

"తిన్నాడేమో అడుగు" అంది భార్య గుసగుసగా.

"వదిన పక్కనే ఉందా? తిన్నానని చెప్పు."

"ప్లగ్గుని దాని వైరు టోపీలో పెట్టి, ఇంజనుకి ఆనించి కొట్టు. నిప్పు కనిపిస్తుందేమో చూడు."

"లేదు."

ఇక చూడమనడానికి ఏమీ మిగల్లేదు. ఫోన్లో ఎక్కడో ఇనుము మీద సుత్తి చప్పుడు. రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు కాబోలు, ఎండలో.

"చిన్నోడా, ఆ రోజు చక్రం..." పానా కింద పెట్టాడు. "బిగించింది నువ్వు కాదు. నేను."

సుత్తి చప్పుడు ఆగింది. భార్య తల వంచుకుంది. ఆరేళ్లలో ఆమెతో కూడా ఆ మాట అతను అనలేదు.

"నిప్పు రావట్లేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడేం చూడమంటావు?"

అది క్షమించడమో, వినదలుచుకోకపోవడమో అతనికి అంతుబట్టలేదు. ప్లగ్గు మళ్లీ బిగించమన్నాడు. బిగించాక, కుడిచేతి దగ్గర ఎర్ర స్విచ్చు చూడమన్నాడు.

ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది.

"ఇంత చిన్న సంగతి. నాకు తట్టనే లేదు" అన్నాడు తమ్ముడు.

"అలవాటు లేకపోతే తట్టదు."

"అంతేలే." ఇంజను ఒకసారి రేజు చేశాడు. "కార్బురేటరు కూడా సరిగ్గా లేనట్టుంది. రేపు ఫోను చేస్తే చెబుతావా?"

అన్న చెవి రిక్కించి విన్నాడు. ఇంజను చప్పుడులో అతనికి ఏ లోపమూ వినిపించలేదు. ఆ మాట అనలేదు.

"చెయ్యి. ఎల్లుండైనా చెయ్యి."

తమ్ముడు పెట్టేసినా అన్న ఫోను చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"ఏమంటాడు?" అంది భార్య.

"బండి పని బొత్తిగా మర్చిపోయాడే. ఏమీ నేర్పకుండా తరిమేశాను. రేపటినుంచి ఒక్కొక్కటే చెప్పాలి." కళ్లు తుడుచుకోబోయి, చేతినిండా గ్రీజు ఉందని ఆగిపోయాడు.

అవతల, తన సొంత మెకానిక్ షెడ్డులో, తమ్ముడు తరువాతి బండి ముందు కూర్చున్నాడు.