క్యాజువాలిటీకి అక్కర్లేనిది

"మీరు ఫిర్యాదు రాస్తే ఈ పిల్ల ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఉంటుంది. ఇక మీ ఇష్టం సార్," అంది సూపరింటెండెంట్ డాక్టర్ సౌభాగ్య.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫిర్యాదు. దాని మీద సంతకం పడితే విచారణ మొదలవుతుంది. రెండోది, ఫిర్యాదేమీ లేదని రాసిచ్చేది. దాంతో అంతా ముగిసిపోతుంది.

జ్ఞానశేఖర్ రెండిటినీ చూడలేదు. తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. భార్య మాబెల్ పోయి ఇరవై రెండు రోజులు. నాంపల్లి స్టేషన్ వెనకున్న ఈ దవాఖానలోనే పోయింది. జ్వరంతో తెలివి తప్పితే పక్కింటివాళ్ళు ఆటోలో తెచ్చారు. అతను ఆఫీసులో ఉన్నాడు. వచ్చేసరికి ముఖం మీదికి దుప్పటి లాగేశారు.

ఒంటికి పడని ఇంజెక్షన్. ఆ మందు ఆమెకు పడదని ఆరేళ్ళ కిందటే ఈ దవాఖాన కంప్యూటర్లో రాసి ఉంది.

ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు కృపాజ్యోతి తలుపు పక్కన నిలబడి ఉంది. మెదక్ పిల్ల. పాతికేళ్ళు దాటి ఉండవు. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవడం మానేసిన ముఖం.

"స్క్రీన్ మీద ఎర్ర డబ్బా రాలే సార్," అంది. "పడని మందు పేరు కంప్యూటర్‌ల ఎక్కిస్తే ఎర్ర డబ్బా వస్తది. అది చూసే ఆగుతం. ఆ దినం రాలే."

"ఎందుకు రాలేదు?" అని అడిగింది డాక్టరమ్మే. జ్ఞానశేఖర్ అడగలేదు.

దవాఖాన కంప్యూటర్లు చూసుకునే భానుతేజ గొంతు సవరించుకున్నాడు.

"సిస్టమ్ మస్తు స్లో ఉంటుండె మేడం. ఆబిడ్స్ కంపెనోళ్ళకు చెప్తే అక్కర్లేనియి గొరిగి ఇచ్చిన్రు. ముందుగాల అన్ని సర్వర్లల్ల అన్నీ ఉంటుండె. ఇప్పుడు బిల్లింగ్ సర్వర్‌ల బిల్లింగే. ల్యాబ్ సర్వర్‌ల ల్యాబే. ఏడ ఎంత అవసరమో గంతే. అవసరం ఎట్ల తేల్చిన్రంటే, మూడు నెలల రికార్డు చూసిన్రు. ఏ భాగం ఒక్కసారి సుత పని చెయ్యలేదో, అది అక్కర్లేదని పీకేసిన్రు. క్యాజువాలిటీల మూడు నెలలు ఎర్ర డబ్బా రాలే. అదిగూడ పోయింది."

"మూడు నెలలు ఎవరికీ గండం రాలేదు, అంతే కదా! ఇంకెప్పుడూ రాదని ఎట్లా అనుకున్నారు?"

"గదే నేను గూడ అన్న మేడం. మళ్ళ పెట్టిచ్చినం లెండి ఇప్పుడు. ఎవడో మహా తెలివిగల్లోడు."

జ్ఞానశేఖర్ చెవులు కాలాయి.

"ఎవరయ్యా అతను?" అంది డాక్టరమ్మ.

"మొహాలు ఎవరికెర్క? అంతా మెయిళ్ళే. కంపెనీ పేరు మీదనే వస్తయి. సార్ ఫిర్యాదు రాస్తే మనం అడగొచ్చు. ఎవరు తీసిన్రో పేరుతోటి ఇయ్యక తప్పదు."

కృపాజ్యోతి రెండడుగులు ముందుకు వేసింది.

"ఫిర్యాదు రాయున్రి సార్."

"పిచ్చా నీకు?" అంది డాక్టరమ్మ. "ఇంటికి పోతావు!"

"పోతే పోత మేడం. ఎంక్వైరీ అయితే నా తప్పెంతనో, వాళ్ళ తప్పెంతనో తేలుతది. లేకుంటే బతికినన్ని దినాలు నేనే సంపిన్నంటరు. వార్డుల ఇప్పటికే 'సూది జ్యోతమ్మ వచ్చింది, జరుగున్రి' అంటున్రు."

జ్ఞానశేఖర్ తలెత్తాడు. ఆ పిల్ల సూటిగా తనవైపే చూస్తోంది. మళ్ళీ దించుకున్నాడు.

ఇరవై రెండు రోజులుగా అతను అద్దంలోకి చూడడం లేదు. గడ్డం తడుముకుంటూ గీసుకుంటున్నాడు. చుబుకం నిండా గాట్లు. చర్చిలో ఎవరైనా ఓదార్చడానికి పక్కన కూర్చుంటే లేచి బయటికి వచ్చేస్తున్నాడు. దుఃఖం అనుకుని వాళ్ళు వదిలేస్తున్నారు.

పెన్ను తీశాడు. రెండో కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

'నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఏ విచారణా వద్దు' అని రాసి సంతకం పెట్టాడు. 'వద్దు' కింద రెండు గీతలు గీశాడు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇట్లాంటి మనసు చూడలేదు సార్."

"దేవుడసుంటోళ్ళు మీరు," అని భానుతేజ లేచి చేతులు జోడించాడు.

"అట్లనకండి," అన్నాడు జ్ఞానశేఖర్. "మీకు దణ్ణం పెడతాను. అట్లనకండి."

ఆ మాటకు ఇద్దరూ ఇంకా కరిగిపోయారు.

కృపాజ్యోతి మాత్రం కదల్లేదు. "నౌకరి నిలబెట్టిన్రు సార్," అంది మెల్లగా. "పేరు నిలబెట్టలే."

"నోర్మూసుకుని కాళ్ళు మొక్కు!" అని కసిరింది డాక్టరమ్మ.

ఆ పిల్ల వంగింది. జ్ఞానశేఖర్ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని, లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటపడ్డాడు.

సంగతి అప్పుడే గేటు దాకా పాకింది. అక్కడి ఆయమ్మ ఊడ్చే చీపురు పక్కన పడేసి ఎదురొచ్చింది.

"ఏ తల్లి కన్నదో అయ్యా! నీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవాలె."

అతను స్టేషన్ రోడ్డు మీద ఎండలో తలవంచుకుని నడిచాడు. ఎదురొచ్చిన స్కూటర్‌వాడు తిట్టినా తలెత్తలేదు.

ఆబిడ్స్‌లో ఆఫీసు మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ తెరిచి, క్యాజువాలిటీ సర్వర్‌లోంచి ఎర్ర డబ్బాను తీసేసింది ఎవరో రాసి ఉన్నచోట 'జ్ఞానశేఖర్' అన్న పేరును చెరిపేశాడు.