పర్శరాములు సేటు కట్టుదిట్టం

“టిఫిన్ డబ్బా గూడ తెరువు,” అంది ఏంజెల్.

భివండీలోని గైబీ నగర్ మగ్గాల కార్ఖానా గేటు దగ్గర గట్టయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఇరవై ఏళ్లుగా అక్కడే మగ్గాలు నడుపుతున్న మనిషి. డబ్బాలో రెండు జొన్నరొట్టెలు, ఇంత ఉల్లికారం ఉన్నాయి.

“రొట్టెల నడుమ సేటు డిజైన్లు దాస్తనా బిడ్డా?”

“చూస్తెనే గద కాకా తెలిసేది.”

లోపల కుర్చీలో కూర్చున్న పర్శరాములు సేటు తృప్తిగా తలాడించాడు. ఏడాది కింద గుమాస్తాగా చేరిన ఈ పిల్ల కంప్యూటరు నడుపుతుంది, మరాఠీ ముత్యాల్లా రాస్తుంది. ఆమె గురించి అంతకు మించి ఆయన ఎన్నడూ అడగలేదు. పనివాళ్లయితే ఆయనకు మగ్గం నంబర్లే.

ఆఫీసును ఆ రోజే ఊరి చివరి అంజూర్ ఫాటాకు మారుస్తున్నారు. సేటుకు భయాలు రెండు. కంప్యూటరులోని చీర అంచుల డిజైన్లు దారిలో ఎదుటి కార్ఖానావాళ్ల చేతిలో పడతాయేమోనన్నది మొదటిది. రెండోది పనివాళ్ల హాజరీ పుస్తకం. కిందటి నెల కండెలు చుట్టే యంత్రంలో సాయమ్మ అనే ముసలామెకు మూడు వేళ్లు తెగిపోయాయి. ఆమె తన దగ్గర పనిచేసే మనిషి కాదని, మంచినీళ్లు తాగడానికి లోపలికి వచ్చిన బయటి మనిషని సేటు లేబర్ ఆఫీసుకు రాసి ఇచ్చాడు. విచారణకు అధికారి మరునాడే వస్తున్నాడు. వచ్చేసరికి ఇక్కడ ఖాళీ గోడలు మిగలాలి.

ఆ పుస్తకాన్ని కాల్చేస్తే పీడ విరగడయ్యేది. కాని అది ఏటేటా దీపావళినాడు లక్ష్మీదేవి ముందు పసుపు కుంకుమలు పెట్టించుకున్న పుస్తకం. మూడు వేళ్ల మీద అబద్ధం రాయడానికి ఆడిన చేయి, పుస్తకానికి నిప్పు పెట్టడానికి ఆడలేదు. ఆయన భక్తిపరుడు.

ఉపాయం చెప్పింది ఏంజెలే. తొమ్మిది పెట్టెలు; పెట్టె పెట్టెకూ లోపల ఏముందో రాసిన జాబితా; తాళం మీద లక్క ముద్ర; జాబితా కింద సేటు సంతకం.

“గింత తతంగం ఎందుకే?”

“ఒక్క కాయితం పోయినా ఏ పెట్టెల పోయిందో తెలుస్తది సేట్. మీ దస్తఖత్ చూసినంక ఎవ్వడు చెయ్యి పెట్టడు.”

జాబితాలు మరాఠీలో ఉన్నాయి. ముప్పై ఏళ్లు భివండీలో బతికినా సేటుకు ఆ చదువు అబ్బలేదు. ఏం రాశావని గుమాస్తాను అడగడం నామోషీ. తొమ్మిదింటి మీదా సంతకం చేశాడు.

అంతలో సాయమ్మ గేటు దగ్గరికి వచ్చింది. కుడిచేతికి కట్టు ఉంది.

“పుస్తకంల నా పేరొక్కటి చూపెట్టు బిడ్డా. పందొమ్మిదేండ్లు చేసిన.”

“ఆఫీసు కాయితాలు బయటోళ్లకు చూపెట్టం,” అంది ఏంజెల్.

“నేను బయటిదాన్నయిన్నా?”

“పుస్తకంల పేరుంటె లోపలిదానివే. ఇప్పుడైతె నడువు.”

గేటు మూసేసింది. గట్టయ్య తల తిప్పుకున్నాడు. ఇంత గట్టి పిల్ల దొరకడం తన అదృష్టమనుకున్నాడు సేటు.

కంప్యూటరు డబ్బాను బొంతలో చుట్టి, దానికి నిమ్మకాయ మిరపకాయలు కట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని సేటు ఆటో ఎక్కాడు. వెనుక టెంపోలో పెట్టెల మీద ఏంజెల్ కాపలా కూర్చుంది.

అంజూర్ ఫాటాలో కొత్త ఆఫీసు మెట్ల మీద లేబర్ అధికారి నిలబడి ఉన్నాడు.

సేటు ఒళ్లో డబ్బా జారబోయింది. “సాబ్, రేపు గదా…”

“ఈ రోజే మారుతున్నారని తెలిసింది,” అన్నాడు అధికారి. “హాజరీ పుస్తకం ఉందా?”

“మా దగ్గర గసొంటిది రాసే అలవాటే లేదు సాబ్.”

అధికారి దిగుతున్న పెట్టెల మీది జాబితాలు ఒక్కొక్కటే చదువుతూ ఆరో పెట్టె దగ్గర ఆగాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదే సాబ్. నా దస్తఖత్ లేంది ఒక్క చీటీ కదలదు.”

“దారిలో ఎవరూ తెరవలేదు కదా?”

“చీమ గూడ దూరలే.”

“హాజరీ పుస్తకం, 1983 నుంచి,” అని పైకి చదివి, అధికారి లక్క పగలగొట్టించాడు. పందొమ్మిదేళ్ల పుటల్లో సాయమ్మ పేరు వరసగా ఉంది, కుంకుమ బొట్లతో సహా.

అధికారి పంచనామా రాసి, సాక్షి కావాలన్నాడు. సేటుకు ప్రాణం లేచివచ్చింది.

“పుస్తకంల ఉన్న సాయమ్మ వేరే సాబ్, ఈ పిల్లనడుగున్రి. పొద్దుగాల ఆ వేళ్లు తెగిన ముసల్దాన్ని గేటు కాడికెల్లి ఎల్లగొట్టింది, అందరు చూసిన్రు. ఆమె ఈమెకు చుట్టమా, పక్కమా? ఆమె మా మనిషి కాదని ఈ పిల్లనే చెప్తది.”

అధికారి కాగితం అందించాడు. పేరు, చిరునామా, బాధితురాలితో సంబంధం.

“రాయి బిడ్డా,” అన్నాడు సేటు, “ఉన్నది ఉన్నట్టు రాయి.”

“కూతురు” అని రాసింది ఏంజెల్.