అంటుకున్న కణాలు

"ఇదేం కంట్రోలు పలకమ్మా! పూర్తిగా కంట్రోలు తప్పింది!" మైక్రోస్కోపు మీదనుంచి తలెత్తకుండానే అరిచాడు ప్రొఫెసరు. ఆయన కూడా కంట్రోలు తప్పినట్టే ఉన్నాడు.

స్కాలరమ్మ గుండె జారి గ్లవ్వుల్లోకొచ్చింది.

ఆమె థీసిసంతా ఒక్కటే మాట. మలేరియా క్రిమి ఎర్రకణంలో అద్దెకు దిగి, ఇంటివాణ్ణి అడక్కుండా గోడలకి తన ప్రొటీన్లు దిగ్గొడుతుంది. దాంతో ఆ కణానికి జిగురు పుట్టి, రక్తనాళానికి అతుక్కుపోతుంది. రక్తనాళపు పూత పూసిన పలక మీదైనా అంతే; క్రిమి లేని కణమైతే కడగ్గానే జారిపోవాలి. తీరా చూస్తే, పోలిక కోసం జబ్బులేని రక్తం పోసిన కంట్రోలు పలక మీదే కణాలు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి.

"మూడింటికి కమిటీ. క్రిమి ఉన్నా అంటుకుంటుంది, లేకున్నా అంటుకుంటుందని చెప్తావా? నాలుగేళ్ల పనికి నిప్పంటుకుంటుంది!"

"మూడుసార్లు కడిగాను సార్."

"ఇప్పుడు వాళ్లు నన్ను కడుగుతారు! జబ్బు రక్తం చుక్క ఇందులో పడేసుంటావ్."

"ఒట్టు సార్! జబ్బు రక్తం గిన్నె, మంచి రక్తం గిన్నె వేరు వేరు గదుల్లో పెట్టాను. రెండ్రోజులు వెచ్చగా ఉంచి, పొద్దున నేనే తీశాను."

"మరి రక్తం? బ్లడ్ బ్యాంకుదేనా?"

ఆమె నేలచూపులు చూసింది. "బ్యాంకులో లేదన్నారు. అందుకని... నాదే పోశాను సార్."

ప్రొఫెసరు ఆమెకేసి ఎగాదిగా చూశాడు. చెయ్యి లాగి, వేలికి సూది గుచ్చి, చుక్కని గాజుముక్క మీద పామి, రంగు పోశాడు. రంగు పట్టేదాకా గోడ గడియారం టిక్కు టిక్కు అనలేదు. 'డిస్మిస్, డిస్మిస్' అంది. స్కాలరమ్మ ముఖంలో మాత్రం ఉన్న రంగు కాస్తా దిగిపోయింది.

రెండూ ముప్పావు. ఆయన కన్ను గొట్టానికి ఆనించాడు. మర తిప్పాడు. మళ్లీ తిప్పాడు. చివరికి అద్దాలు తీసి, గొంతు తగ్గించాడు.

"నీ ప్రయోగంలో వెంట్రుకవాసి తప్పు లేదు. కమిటీకి నేను చెప్పుకుంటాను. ఇలా రా, చూడు."

చూసింది. ఒక్క గంతేసి, గణగణమంటున్న ఫోను అందుకుంది.

"ఏమైందే? గట్టెక్కావా?" అవతల అమ్మ కంగారు.

"బతికిపోయానమ్మా!" ఆనందంతో అరిచింది స్కాలరమ్మ. "నాకు మలేరియా!"