ఫోను లేని మనిషి

"మీ దగ్గర స్మార్ట్ ఫోన్ లేదు కదా. చేర్చుకోవడం కుదరదు" అంది, పరిశోధనకి పేర్లు రాసుకుంటున్న మారెన్.

"గుండె జబ్బుందిగా అమ్మాయ్. అది చాలదూ?" అన్నాడు ఒలుఫ్.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మారెన్ నవ్వలేదు. అవతలి ఒడ్డున స్వెండ్‌బోర్గ్ ఊరికి వెళ్లే తిరుగు పడవకి ఇంకా నలభై నిమిషాలే ఉన్నాయి.

ఆ దీవి గ్రంథాలయంలో, వెనక గదిలో, ఆ రోజు పద్దెనిమిది మంది గుండె రోగులు సంతకాలు పెట్టారు.

రోజూ పొద్దున్నే బరువు చూసుకుని యాప్‌లో నొక్కాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. యాప్ ఎర్రగా మారి నర్సుకి ఫోన్ చెయ్యమంటుంది. ఎవరిది వాళ్లే నొక్కాలి, ఇంకొకరి సాయం తీసుకుంటే పరిశోధనలోంచి తీసేస్తారు.

ఏడాది పాటు ఇది పనిచేస్తే, వారానికోసారి ఇంటింటికీ తిరిగే నర్సుని మానిపించి యాప్ ఒక్కటే ఉంచుతారు. పనిచేస్తుందో లేదో తేల్చాల్సింది మారెన్. లెక్క తప్పితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని ఆమెకి కాలు ఒకచోట నిలిచేది కాదు.

ప్రతి మంగళవారం ఆమె గ్రంథాలయానికి వచ్చేసరికి ఒలుఫ్ సిద్ధంగా ఉండేవాడు. ఒకప్పుడు పడవ మీద టికెట్లు చింపినవాడు. సైకిలు గోడకి ఆనించి, బురద బూట్లతోనే లోపలికి వచ్చేవాడు.

యాప్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయనేవాడు. నిన్నటి బరువు ఎక్కడ కనిపిస్తుందని అడిగేవాడు. ఎర్రగా వచ్చినప్పుడు నర్సు ఫోన్ ఎత్తకపోతే ఏం చెయ్యాలని అడిగేవాడు.

"మీకు ఫోనే లేదు. ఇవన్నీ మీకెందుకు?"

"ఊరికే. తెలుసుకుంటే అరిగిపోతానా?"

చేర్చుకోలేదన్న ఉక్రోషంతో వంకలు వెతుకుతున్నాడని మారెన్ అనుకుంది. మిగతావాళ్ల మనసు కూడా విరిచేస్తాడని భయపడింది. నాలుగో నెలలో తలుపుకి కాగితం అంటించింది. జాబితాలో పేరున్నవాళ్లే లోపలికి రావాలి.

ఒలుఫ్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"సరేలే. అడగాల్సినవి అయిపోయాయి" అని వెళ్లిపోయాడు.

పీడ విరగడైందనుకుంది మారెన్. మనసు కాస్త చివుక్కుమంది కూడా. గడియారం చూసుకుని పనిలో పడింది.

ఏడాది గడిచింది. అవతలి ఒడ్డున ఇదే యాప్ ఇచ్చిన నాలుగు ఊళ్లలో జనం రెండు నెలలకే యాప్ తెరవడం మానేశారు. దీవిలో మాత్రం ఒక్క పొద్దు తప్పలేదు. పద్దెనిమిది మందిలో ఒక్కరూ ఆసుపత్రి గడప తొక్కలేదు.

నమ్మలేక మూడుసార్లు లెక్క చూసింది. చివరి ప్రశ్నావళిలో ఎన్నిసార్లు నొక్కారని అడిగింది, ఏ వేళకి నొక్కారని అడిగింది. ఎవరు నొక్కారని అడగలేదు. దీవి జనానికి క్రమశిక్షణ ఎక్కువ అని కారణం రాసింది.

కొత్త సంవత్సరంతో దీవికి నర్సు రావడం ఆగిపోయింది.

ఫిబ్రవరిలో దీవి నుంచి నలుగురు ఆసుపత్రిలో చేరారు. వాళ్లలో ఒకామె తిరిగి రాలేదు. మారెన్ అంకెలు తెరిచి చూసింది. పద్దెనిమిది ఫోన్ల నుంచీ బరువులు రావడం జనవరి పద్దెనిమిదో తేదీతో ఆగిపోయింది.

మొదటి పడవ పట్టుకుని, జాబితాలో అందరికన్నా పెద్దామె ఎల్నా ఇంటికి వెళ్లింది. ఎల్నా కాఫీ పోసింది. మారెన్ కూర్చోలేదు.

"అందరూ ఒకేసారి ఎందుకు మానేశారు?"

ఎల్నా బల్ల మీద గుడ్డ సవరించింది. చెబితే తీసేస్తారని భయపడ్డామంది. ఎవరికీ చెప్పొద్దని ఆయన కూడా మాట తీసుకున్నాడంది.

"ఎవరాయన?"

"మాలో ఎవరం నొక్కాం తల్లీ, ఆ చిన్న చిన్న అక్షరాలు? మంచు పడినా ఆరింటికల్లా సైకిలేసుకుని బయల్దేరేవాడు. పద్దెనిమిది ఇళ్లు. బరువు మిషన్ ఎక్కించి, అంకె కొట్టి, కాళ్లు వాచాయేమో చూసేవాడు. ఎర్రగా వస్తే నర్సు పలికేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు."

మారెన్‌కి అర్థమైంది. తన రిపోర్టు అబద్ధం. దాన్ని నమ్మబట్టే నర్సుని మానిపించారు.

"ఇప్పుడు రావట్లేదా?"

"పందొమ్మిదో తారీకున రాలేదు. మర్నాడు మేమే వెళ్లి తలుపు తీయించేసరికి ప్రాణం లేదు. ఆయన కాళ్లు కూడా వాచే ఉన్నాయి. మాకెవ్వరికీ చూడాలనే తోచలేదు."

మారెన్ సంచీలోంచి కలం తీసింది. రిపోర్టు తిరగరాయాలి, పేరు చెప్పండి అంది.

"నీ జాబితాలో వెతక్కు, ఉండదు" అంది ఎల్నా. "ఫోను లేదని నువ్వు చేర్చుకోలేదుగా ఒలుఫ్‌ని."