వల సూపు

"పేరు సెప్పు నూకాలూ. సెప్పీసినావంటే అందరం గంజి తాగడానికి పోతాం," అన్నాడు కులపెద్ద కన్నయ్య, తన భార్యతో.

నూకాలమ్మ తల ఎత్తలేదు.

ఆమె ముందు ఇసుకలో పేట ఉమ్మడి పెద్దవల పరిచి ఉంది. నడుమ నాలుగు బారల మేర ఎవరో కత్తితో చీల్చేశారు. రెండు నెలల వేట నిషేధం ఈ రోజుతో ముగుస్తుంది. తెల్లారితే ముప్పై కుటుంబాలు ఆ వలతోనే వేటకి దిగాలి. వల పక్కన దొరికిన కత్తి యుగంధర్‌ది. యుగంధర్ నూకాలమ్మ అన్న కొడుకు. తల్లీ తండ్రీ పోయాక ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు.

"నాను కొయ్యలేదు మావా," అన్నాడు యుగంధర్. "తెల్లారగట్ల అమ్ములుకి నొప్పులొచ్చినాయంటే, వల కాడ కాపలాకి నా బదులు అత్తని కూకోబెట్టి ఆటో కోసం ఎల్లినాను. ఆ కత్తి నెలరోజులై మీ ఇంటి సూరులోనే ఉన్నాది."

"అయితే మీ అత్తే కోసీసినాదంటావేట్రా?" అన్నాడు వరహాలు. పేటలో కన్నయ్య తర్వాత మాట చెల్లేది అతనికే.

జనం నవ్వారు.

"పెద్దరికం నీకిచ్చీమని కుర్రోళ్ళు ఎగురుతున్నారు గదా. ఇదేనేట్రా నీ పెద్దరికం?" అని మళ్ళీ అంటించాడు వరహాలు.

నేరం రుజువైతే పేట నుంచి వెలి. ఏ పడవా ఎక్కనివ్వరు, ఏ ఇంటా మంచినీళ్ళివ్వరు. తెల్లవారుజామున వచ్చినవి ఉత్త నొప్పులే అని తేలినా, యుగంధర్ భార్య అమ్ములుకి నెలలు నిండాయి. గుంపు చివర నడుం పట్టుకుని నిలబడి ఉంది.

బోర్లించిన పడవ మీద యామిని ఇబ్బందిగా కూర్చుంది. టెక్కలి కాలేజీలో తెలుగు లెక్చరర్. ఉద్దానం మాటలతో నిఘంటువు తయారు చేస్తోంది. డొంకూరు దాటి ఈ చిన్న పేట దాకా ఆమెని రప్పించింది ఒకే ఒక్క మాట. వలలోని గడిని కవిటి నుంచి ఇచ్ఛాపురం దాకా ఎవరినడిగినా 'వల కన్ను' అంటారు. ఈ పేటలో మాత్రం 'వల సూపు' అంటారు. ఎందుకో తెలుసుకుందామని ఆటో దిగేసరికి పంచాయతీ మొదలైంది.

"దానికి కాసేపు టైమిద్దాం," అన్నాడు కన్నయ్య. యామిని వైపు తిరిగాడు. "మీ పని మాత్రం ఆగడం ఎందుకు మేడం? ఆ మాట మా ఇంట్లోదే."

"మీ ఇంట్లోదా?"

"మా తాత పేరు కన్నయ్య. నాకు ఆయన పేరే ఎట్టినారు. మా నాయనమ్మ మొగుడి పేరు పలకదు గదా. వల కన్నంటే ఎక్కడ తాత పేరొచ్చీస్తాదోనని 'సూపు' అనీసీది. అప్పట్లో ఆవిడలా వల అల్లినోళ్ళు లేరు. నేర్సుకోడానికొచ్చినోళ్ళందరికీ అల్లికతోపాటు ఆ మాటా అంటుకుపోనాది."

యామిని ఫోన్‌లో రికార్డర్ నొక్కింది. "కుర్రవాళ్ళు కూడా అలాగే అంటారా?"

"ఈళ్ళకి సూపంటే వంతు! ఆరేసిన వల సూపులు కొరికీకుండా వంతులేసుకుని కుక్కల్ని తోలీవోళ్ళు. 'ఇయ్యాల సూపు నీది' అనీవోళ్ళు. ఇప్పుడు ఫోను సార్జింగు ఎట్టుకోడానికీ సూపే, కుళాయి కాడ బిందెకీ సూపే."

"నిన్న కుళాయి కాడ సూపు మాదైతే వరహాలు పెదనాన్న మా బిందె తోసీసినాడు," అంది కుమారి అనే అమ్మాయి. మళ్ళీ నవ్వులు. కన్నయ్య కూడా నవ్వాడు.

నూకాలమ్మ నవ్వలేదు.

"సరే. అడుగుతున్నాను," అన్నాడు కన్నయ్య. "వల కోసినోడిని సూసినావా?"

"సూసినాను."

జనం ముందుకి జరిగారు.

"ఎవులు?"

"నాను సెప్పలేను."

"మన పేటోడేనా?"

"మన పేటోడే."

"పేరు?"

"సెప్పలేనంటన్నాను గదా!"

యామిని ఉండబట్టలేకపోయింది. "ఆవిడ వేలితో చూపిస్తే సరిపోదా?"

"పనికిరాదు మేడం. వల మీద సెయ్యేసి, నోటితో పేరు పలకాల. మా తాతల్నాటి నుంచీ అదే సాక్ష్యం. ఏలుదేముంది, గాలికైనా లేత్తాది."

"ఎవులి పేరు నోటికి రాదో తెలీదేటి?" అన్నాడు వరహాలు. "పెంచిన సెయ్యి. మేనల్లుణ్ణి ఎలా ఒప్పజెప్తాది?"

అవునన్నారు కొందరు. యుగంధర్ నూకాలమ్మ వైపు చూశాడు.

"అత్తా, నన్నే సూసినావేటి?"

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు. అది చూసి, అతని వైపు నిలబడ్డ కుర్రాళ్ళు కూడా ఒకొక్కరే వెనక్కి తగ్గారు.

కన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంక దాన్ని ఏడిపించొద్దు. అల్లుడూ, నాకూ కడుపు తరుక్కుపోతంది. కానీ పేట కట్టుబాటు. పొద్దుగూకీలోగా సామాన్లు సర్దీసుకో."

అమ్ములు ఉన్నచోటే ఇసుకలో కూలబడింది. "ఇలాటప్పుడు ఎక్కడికి పోతాం మావా?" అంది.

నూకాలమ్మ లేచింది. ముందు అమ్ములు దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టి లేపి, కుమారికి అప్పగించింది. తర్వాత వల దగ్గరికి నడిచి, చీలిక పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కుడిచెయ్యి వల మీద వేసింది.

యుగంధర్ కళ్ళు మూసుకున్నాడు.

"వొగ్గీవే నూకాలూ," అన్నాడు కన్నయ్య మెత్తగా. "నీవల్ల కాదు."

"కన్నయ్య," అంది నూకాలమ్మ.